వాడిన నూనె ఎవరి పొయ్యిలోకి?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

మన వార్షిక సంచికలో సైన్సు విద్యార్థి వ్యాసమంటే అంతరిక్షం గురించో, కంప్యూటర్ల గురించో ఉండాలని ఒక ఆనవాయితీ ఏర్పడింది. సంపాదకవర్గంలోని మిత్రుడొకడు నన్ను వ్యాసం అడిగితే "మాడిన నూనె గురించి రాస్తాను" అన్నాను. వాడు నవ్వి, "అదేం సబ్జెక్టురా, వంటల పేజీకి పంపు" అన్నాడు. ఆ నవ్వుకు జవాబు చెప్పుకోవాలనే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను. తప్పులుంటే లెక్చరర్లు దిద్దుతారు, నాకు దిగులు లేదు.

అసలు సంగతి మన సైన్సు ప్రదర్శన దగ్గర మొదలయింది. అందులో మా తరగతి వాళ్లు పెట్టిన చార్టుకు బహుమతి వచ్చింది. వాడేసిన వంటనూనెను వడగట్టి స్టవ్వులో పోస్తే చాలు, పేదల ఇంట్లో ఇంధనం ఖర్చు తగ్గిపోతుందని దాని సారాంశం. కింద ఒక గుడిసె బొమ్మ, గుడిసెలో నవ్వుతున్న తల్లి బొమ్మ. అందరూ చప్పట్లు కొట్టారు. దాచడమెందుకు, నేనూ కొట్టాను. ఇప్పుడు ఆ చప్పట్లు వెనక్కి తీసుకొంటున్నాను. వాడిన నూనె ఇంధనమే, సందేహం లేదు. కానీ దాని చోటు ఆ తల్లి పొయ్యి కాదు. ఈ మాట చదివి తెలుసుకొన్నది కాదు, చేతులు కాల్చుకొని తెలుసుకొన్నది.

సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లాను. మాది వర్షాధారం మీద శనక్కాయ పండించే సంసారం. నూనెగింజలు పండించే ఇంట్లో నూనెకు కొదవేముంటుందని మీరనుకోవచ్చు. పండిన కాయంతా మండీకి పోతుంది, ఇంట్లో నూనె గరిటెతో కాదు, చెంచాతో కొలుస్తారు. పండుగకు మాత్రమే బాణలి నిండుతుంది. అరిసెలు, నిప్పట్లు, కజ్జికాయలు అయిన తర్వాత అడుగున లీటరున్నర దాకా మిగిలింది. అటక మీద మా అవ్వ వాడిన వత్తుల స్టవ్వు ఒకటి ఉంది. రేషన్ షాపులో కిరసనాయిలు ఇవ్వడం మానేసినప్పటి నుంచి దానికి పనిలేదు. దాన్ని దించి, దుమ్ము దులిపి, కొత్త వత్తులెక్కించి, నూనె గుడ్డలో వడగట్టి పోశాను. వత్తులు నానాలని ఒక గంట ఆగి అంటించాను.

అంటుకోవడానికే అరపెట్టె అగ్గిపుల్లలయ్యాయి. అంటుకొన్నాక నాలుగైదు నిమిషాలు ఎర్రగా వెలిగింది. పైన పెట్టిన చెంబులో నీళ్లు గోరువెచ్చన కూడా కాలేదు. మంట కుంచించుకుపోయింది, వత్తుల కొనలు బొగ్గులయ్యాయి, పొగ లేచింది. ఆ పొగ కిరసనాయిలు పొగలాంటిది కాదు. ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసినట్టు కళ్లూ గొంతూ పట్టేసింది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని బయటికి పరుగెత్తింది. నాన్న వచ్చి, "మూడేండ్లు చదివించింది ఇల్లు పొగబెట్టేదానికా?" అన్నాడు. పండుగ పూట కాబట్టి అంతటితో సరిపోయింది.

కారణం చెప్పింది మా అవ్వ. ఆమె బడి మెట్లెక్కలేదు. "ప్రమిదలో నూనె వత్తి పక్కనే ఉంటాది గదరా. దీపం వేడికి అది కూడా కాగుతాది. లాంతర్లో అడుగున యాడనో ఉంటాది. కిరసనాయిలు కాబట్టి జానెడు ఎత్తు పాకతాది. దీపం నూనె లాంతర్లో పోస్తే మండుతాదా ఎప్పుడన్నా?" అంది.

కాలేజీకి తిరిగొచ్చాక అవ్వ మాటను పుస్తకాలు తిరగేసి సరిచూసుకొన్నాను. అక్షరాలా నిజం. ద్రవం వత్తిలో పైకెక్కడం కేశనాళికత వల్ల. ఎంత త్వరగా ఎక్కుతుందన్నది స్నిగ్ధత మీద, అంటే ద్రవం చిక్కదనం మీద ఆధారపడుతుంది. 40 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కిరసనాయిలు స్నిగ్ధత సుమారు ఒకటిన్నర సెంటిస్టోకులు. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలది 30 నుంచి 40 దాకా. అంటే ఇరవై రెట్లు పైమాటే. పదేపదే కాగిన నూనెలో అణువులు ఒకదానికొకటి అతుక్కొని గొలుసులవుతాయి కాబట్టి అది ఇంకా చిక్కబడుతుంది. వంటనూనె వత్తిలో ఎక్కకపోదు, ఎక్కుతుంది. కానీ పైన మంట అడిగినంత వేగంగా ఎక్కదు. నూనె అందక వత్తే కాలిపోతుంది. ఇక ఆ ఘాటు సంగతి. నూనె అణువులో గ్లిజరిన్ భాగం ఉంటుంది. అది సరిగా కాలకుండా విచ్ఛిన్నమైతే ఎక్రోలిన్ అనే పదార్థం వస్తుంది. కళ్లు మండించేది అదే. మా అమ్మ బయటికి పరుగెత్తింది దానివల్లనే. చార్టులో ఆ పేరు లేదు.

ఇక్కడ నా మిత్రులు అడ్డుతగిలారు. "1900 పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది గదా, స్టవ్వు నడవదా?" అన్నారు. నడిచిన మాట నిజం. కానీ ఇంజనులో నూనెను పంపు బలంగా నెట్టి, తుంపరలుగా చల్లుతుంది. వత్తికి అంత బలమెక్కడిది? మరి పంపు స్టవ్వు అయితే? ఇది న్యాయమైన ప్రశ్న. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన ప్రైమస్ స్టవ్వు తయారుచేశాడు. టాంకులో గాలి కొట్టి, నూనెను వేడి గొట్టంలోకి నెట్టి, ఆవిరి చేసి, సన్నని రంధ్రంలోంచి వదలడం దాని పద్ధతి. మన అమ్మమ్మల, నానమ్మల కాలంలో ఇంటింటా బుస్సుమన్నది ఈ జాతి స్టవ్వే. దానికి వంటనూనె తాగించాలని జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం వాళ్లు చాలాకాలం శ్రమించారు. బాష్-సీమెన్స్ గృహోపకరణాల సంస్థ దాన్ని "ప్రోటోస్" అనే స్టవ్వుగా రూపొందించి, 2004లో ఫిలిప్పీన్స్‌లోని లేతే ద్వీపంలో ఇళ్లలో పెట్టి చూసింది. అది కొబ్బరి సీమ, నూనె చేతికందేది. స్టవ్వు మండింది కూడా. ముందు కాస్త స్పిరిటు పోసి గొట్టాన్ని కాచాలి, తర్వాత నూనె వదలాలి. ఒక సుగుణం ఒప్పుకోవాలి. కిరసనాయిలు ఆవిరి 40 డిగ్రీల దరిదాపుల్లోనే మంట అందుకొంటుంది, వంటనూనెకైతే 200 డిగ్రీలు దాటాలి. కాబట్టి ఒలికినంత మాత్రాన భగ్గుమనదు.

పాత పత్రికలు తిరగేస్తే "స్టవ్వు పేలి కోడలి మృతి" అనే వార్తలు కనబడతాయి. అవన్నీ నిజంగా పేలిన స్టవ్వులేనా అన్నది వేరే కథ. 1986లో వరకట్న మృతికి శిక్షాస్మృతిలో ప్రత్యేకంగా ఒక సెక్షను ఎందుకు చేర్చవలసివచ్చిందో పెద్దలకు తెలుసు. వంటింట్లోకి కొత్త పొయ్యి ఏది తెచ్చినా దాని ముందు కూర్చునేది ఆడవాళ్లేనని గుర్తుచేయడానికే ఈ మాట.

ఆ జర్మన్ స్టవ్వుకూ ఒక జబ్బుంది. నూనె ఆవిరయ్యే గొట్టంలో మసి గట్టిగా పేరుకొంటుంది, దాన్ని గీకి శుభ్రం చేస్తుండాలి. తాజా నూనెకే ఈ పాట్లు. ఇక బజ్జీలు, నిప్పట్లు వేగిన నూనెలో ఉప్పు, శనగపిండి రేణువులు, నీటి తేమ అన్నీ ఉంటాయి. పిండి రేణువు రంధ్రానికి అడ్డం పడుతుంది. నీరు అంతకంటె ప్రమాదం. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాపిస్తుంది. రెండు వందల డిగ్రీల నూనెలో ఒక చెంచా నీళ్లు పడితే ఏమవుతుందో పూరీలు వేసిన ఎవరినైనా అడగండి. (నూనె అంటుకొంటే నీళ్లు పోయకూడదు, మూత పెట్టేయాలి. ఇది మన హాస్టలు వంటవాళ్లలో ఇద్దరికి తెలియదు, అడిగి చూశాను.)

సరే, ఈ బాధలన్నీ దాటి మంచి స్టవ్వే వచ్చిందనుకొందాం. అందులో పోయడానికి నూనె ఎంత ఉంది? ఈ లెక్క వేయకుండానే మనవాళ్లు చార్టు గీశారు. గ్యాసు సిలిండరులో 14.2 కిలోలుంటుంది. కిలో గ్యాసు సుమారు 46 మెగాజౌళ్ల శక్తినిస్తే, కిలో వంటనూనె 37 దాకా ఇస్తుంది. ఒక సిలిండరు చేసే పని చేయాలంటే పదిహేడున్నర కిలోలు, అంటే 19 లీటర్ల నూనె కావాలి. మా ఇంట్లో నెలంతా వాడేదే మూడు నాలుగు లీటర్లు. అందులో కూరలోకి, తాలింపులోకి పోయినది పోగా, వేపుళ్లు కాగి మిగిలేది ఎంత లాగినా నెలకు అరలీటరు. ఆ లెక్కన ఒక సిలిండరుకు సరిపడా పోగుచేయాలంటే 38 నెలలు పడుతుంది. మూడేళ్ల పైచిలుకు! పైగా ఆ అరలీటరును అమ్మ పారబోస్తుందనుకొంటున్నారా? మర్నాడు పోపులోకి పోతుంది, లేకపోతే తలుపు కీళ్లకు పోతుంది. గ్యాసు కొనలేని ఇంట్లో వాడేసిన నూనె మిగులుతుందనుకోవడం, అన్నం లేని ఇంట్లో గంజి మిగులుతుందనుకోవడం వంటిది.

గ్యాసు కొనలేని ఇళ్లు లేవని నేననడం లేదు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది, 2016లో కేంద్రం ఉజ్జ్వల తెచ్చింది, 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. మా ఊళ్లో సిలిండరు లేని ఇల్లు వెతకాలి. కానీ సిలిండరు ఉన్న ఇళ్లలోనే పెరట్లో కట్టెల పొయ్యి కూడా మండుతూ ఉంటుంది. స్నానాల నీళ్లు, ఎద్దులకు ఉలవలు, పండుగ పిండివంటలు దాని మీదనే. ఆ పొగ తగ్గించాలంటే సిలిండరు ధర గురించి మాట్లాడాలి, మంచి పొగగొట్టం గురించి మాట్లాడాలి. మాడిన నూనె గురించి కాదు.

మరి నూనె ఎక్కడుంది? సాయంత్రం అయిదు గంటలకు మన కాలేజీ గేటు దాటి కుడివైపు చూడండి.

అక్కడ ఉగ్గాని-బజ్జీ బండ్లు వరుసగా ఉంటాయి. మనలో సగంమందికి సాయంత్రం పూట అవే దిక్కు. నెలాఖరులో రాత్రి భోజనమూ అదే. స్టవ్వు ఆరిపోయిన ఆవేశంలో నేను అందులో ఒకాయన దగ్గరికి పోయి, "అన్నా, నూనె ఎన్నిరోజులు వాడతావు?" అని సూటిగా అడిగేశాను. ఆయన కోపగించుకోలేదు. "రోజూ ఎనిమిది లీటర్లు పడుతుంది సామీ. తగ్గింది తగ్గినట్టు పైన పోసుకొంటా పోతా. పారబోసేదంటూ ఉండదు" అన్నాడు. నూనె అప్పటికే కాఫీ డికాషన్ రంగులో ఉంది. "మరీ నల్లగుందే" అన్నాను. "నేను కొన్నప్పుడే అట్లుంటాది" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత విడమరచి చెప్పాడు. ఊళ్లో ఒక పెద్ద వంటశాల ఉంది. పేరు రాయను. అక్కడ వాడిన నూనెను టిన్నుల లెక్కన అమ్ముతారు. కొత్త నూనె ధరలో సగం కూడా ఉండదు. ఈయన అందులో కొంత కొత్తనూనె కలిపి బండి నడుపుతాడు. మిరపకాయ బజ్జీ పది రూపాయలకు దొరకడం వెనుక రహస్యం ఇది. నూనె ఒక మెట్టు కిందికి దిగింది, అంతే. పై మెట్టు మీద తిన్నవాళ్లకు అది మొదటిసారి కాగిన నూనె. కింది మెట్టు మీద తినేది ఆటో డ్రైవర్లు, మార్కెట్ యార్డు హమాలీలు, మనం.

మిత్రులారా, నేను ఆ రోజు కూడా బజ్జీ తిన్నాను. ఆకలేసింది.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. పదేపదే కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్లు అనే పదార్థాలు పెరుగుతాయి. వాటి మొత్తం 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది. 2018 జులై 1 నుంచి అమలులో ఉంది. అదే ఏడాది ఆగస్టులో వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు మళ్లించే కార్యక్రమం మొదలుపెట్టి, ఆంగ్ల పొడి అక్షరాలతో దానికి "రూకో" అని పేరు పెట్టారు. హిందీ వచ్చినవాళ్లకు "ఆగు" అన్నట్టు వినిపిస్తుంది, బాగానే కుదిరింది. రోజుకు 50 లీటర్లకు మించి వేపుడు నూనె వాడేవాళ్లు లెక్కల పుస్తకం పెట్టాలనీ, వాడిన నూనెను అనుమతి ఉన్న సేకర్తలకే ఇవ్వాలనీ 2019 మార్చి 1 నుంచి నియమం వచ్చింది. ఇక్కడ గమనించండి. మన బండి అన్న వాడేది ఎనిమిది లీటర్లు, ఆ పుస్తకం ఆయనకు వర్తించదు. వర్తించే పెద్ద వంటశాల నూనెను పుస్తకంలో ఎలా రాస్తుందో నాకు తెలియదు కానీ, టిన్ను మాత్రం బండి దగ్గరికే వస్తున్నది.

ఇందులో బండి అన్నను దోషిని చేయడం నాకిష్టం లేదు. నూనె రంగు చూసి తినేవాళ్లు ఆగరు, ధర పెంచితే ఆగుతారు. ఆయన ఇద్దరు పిల్లల ఫీజులు ఆ బాణలిలోంచే రావాలి. నల్లనూనెకు ఇంధనంగా వచ్చే ధర, తిండిగా వచ్చే ధర కంటె ఎక్కువగా ఉన్నరోజే అది బాణలి విడిచి బయటికి పోతుంది. అందువల్ల నా అభిప్రాయంలో వాడిన నూనెను ఇంధనం చేయడంలో అసలు లాభం ఆదా అయ్యే గ్యాసు కాదు. ఆ నూనె మళ్లీ మన కడుపులోకి రాకపోవడం. చార్టు వేసినవాళ్లు ఈ లాభాన్ని మరచిపోయి, లేని లాభం కోసం గుడిసెలోకి వెళ్లారు.

బయోడీజిల్ అనగానే అదేదో కషాయం కాచినంత సులువని చెప్పేవాళ్లు మన లాబొరేటరీలో మేము చేసిన నిర్వాకం చూడవలసింది. పుస్తకంలో ఇలా ఉంటుంది: వంద లీటర్ల నూనె, సుమారు ఇరవై లీటర్ల మిథనాల్, కొంచెం కాస్టిక్ సోడా, కలిపి వెచ్చబెడితే పైన బయోడీజిల్, కింద గ్లిజరిన్ తేరుకొంటుంది. మేము అరలీటరుతో మొదలుపెట్టాం. హాస్టలు మెస్సు నూనె తెచ్చాం. కలిపాం, వెచ్చబెట్టాం, మర్నాడు వచ్చి చూశాం. సెపరేటింగ్ ఫన్నెల్ నిండా తెల్లటి ముద్ద! తలకిందులు చేసినా జారలేదు. లెక్చరర్ గారు చూసి, "బాగుంది, బట్టలు ఉతుక్కోండి" అన్నారు. సబ్బయింది మరి. మాడిన నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, నీరూ ఉంటుంది. క్షారం తగలగానే అవి సబ్బయిపోతాయి. రెండోసారి నూనెను ముందు కాచి తేమ పోగొట్టి, ఎంత ఆమ్లం ఉందో టైట్రేషన్ చేసి, ముందుగా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఒక దఫా నడిపిస్తే అప్పుడు రెండు పొరలు విడిపోయాయి. పైపొర గడ్డిరంగులో, పలచగా ఉంది. బయోడీజిల్ స్నిగ్ధత నాలుగైదు సెంటిస్టోకులే కాబట్టి, చిన్న వత్తి వేస్తే నిదానంగా, నీలం లేకపోయినా పొగ తక్కువగా మండింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, సంతోషంతో.

అయినా దీన్నీ ఇంటికి తీసుకుపొమ్మని నేను చెప్పను. మిథనాల్ విషం, కల్తీసారా చావుల్లో చాలాసార్లు బయటపడేది అదే. కాస్టిక్ సోడా చర్మం తినేస్తుంది. ఇవి పిల్లలు తిరిగే వంటింట్లో ఉండవలసిన సరుకులు కావు. ఫ్యాక్టరీలో, కొలతలు తెలిసినవాళ్ల చేతిలో ఉండాలి. లేదా మన హాస్టలు బాయిలరు వంటి చోట, గాలి కొట్టే మంచి బర్నరు, పొగగొట్టం, చూసుకొనే మనిషి ఉన్నప్పుడు వడగట్టి తేమ తీసిన నూనెను కాల్చవచ్చు. ఈ రెండిటికీ నేను సుముఖమే.

ఫోనులో నాన్నకు ఈ సంగతంతా చెబితే అంతా విని, "ఇది ఇంకో జట్రోఫానా?" అన్నాడు. ఆయన అడగడంలో తప్పులేదు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ దేశమంతా లక్షల ఎకరాల్లో జట్రోఫా వేయాలన్నది. బీడులో పెరుగుతుంది, నీళ్లక్కర్లేదు, గింజల్లోంచి డీజిల్ వస్తుందని మా ఊరికి జీపులో వచ్చి చెప్పారట. నాన్న ఎకరా వేశాడు. మొక్క బతికింది, మాట నిజమే. నీళ్లు లేకపోతే కాయ మాత్రం కాయలేదు. కాసిన నాలుగు గింజలు కొనేవాడు రాలేదు. చివరికి చేనుగట్టున కంచెగా మిగిలింది. దాన్ని మేకలు కూడా ముట్టవు, అదొక్కటే ప్రయోజనం. పేదల పేరుతో వచ్చే ఇంధన కథలన్నిటినీ మా నాన్న ఆ కంచె మీదుగానే చూస్తాడు. ఇప్పుడు నేనూ అలాగే చూడటం మొదలుపెట్టాను. ఎవరి ఇంట్లో ప్రయోగం జరుగుతుంది, విఫలమైతే ఎవరు దగ్గుతారు, ఎవరు అప్పు తీరుస్తారు అన్నది ముందు అడగాలి. మా ఇంట్లో అమ్మ దగ్గింది.

"ఇది జట్రోఫా కాదు నాన్నా, దీనికి పంట వేయనక్కర్లేదు, నూనె ఇప్పటికే ఉంది, దారి మళ్లించాలి" అన్నాను. "ఎవరు మళ్లిస్తారు?" అన్నాడు.

ఆ ప్రశ్ననే విద్యార్థి సంఘం ముందు పెడుతున్నాను. పెద్ద కోరికలేమీ కావు. మన హాస్టలు మెస్సులో వారానికి ఎన్ని లీటర్ల నూనె వస్తుందో, ఎన్ని లీటర్లు మిగులుతుందో, మిగిలింది ఎవరికి పోతుందో నోటీసు బోర్డు మీద పెట్టాలి. మెస్సు కాంట్రాక్టులో వాడిన నూనెను అనుమతి ఉన్న సేకర్తకు తప్ప ఇతరులకు అమ్మరాదని ఒక వాక్యం చేర్చాలి. పోలార్ కాంపౌండ్లు కొలిచే చేతి మీటరు ఒకటి కెమిస్ట్రీ డిపార్టుమెంటు కొనాలి. నూనెలో ముంచితే అంకె చూపిస్తుంది, మొదటి సంవత్సరం వాళ్లు కూడా వాడగలరు. ముఖ్యమైనది నాలుగోది. గేటు బయట బండ్ల వాళ్లు తెచ్చిచ్చిన నల్లనూనెను లీటరుకు ఇంతని సంఘమే కొని, మెస్సు నూనెతో కలిపి సేకర్తకు పంపాలి. సేకర్త ఇచ్చేదానికీ, బండ్ల వాళ్లకు గిట్టుబాటయ్యే ధరకూ మధ్య తేడా సంఘం భరించాలి. ఎంతవుతుందో లెక్క వేశాను. మొన్నటి వార్షికోత్సవానికి ఒక్కరాత్రి సౌండ్ బాక్సులకు మనం పెట్టిన ఖర్చుతో గేటు దగ్గరి బండ్లన్నిటికీ ఒక సెమిస్టరు సాగుతుంది. పాటలు మానమని నేననడం లేదు, రెండు బాక్సులు తగ్గినా వినిపిస్తాయి.

దీన్ని సెక్రటరీ గారికి చెబితే, "బండ్ల వాళ్లు ఒప్పుకోవద్దూ?" అన్నారు. అందుకని ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేముందు మళ్లీ ఒకసారి అన్న దగ్గరికి వెళ్లాను. విషయమంతా చెప్పి, ఎంతైతే ఇస్తావని అడిగాను. ఆయన బజ్జీలు తిప్పుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొత్తనూనెలో మూడో వంతు ధర చేతికిస్తే, వారానికి రెండు మాట్లు బాణలి ఖాళీ చేస్తా సామీ. రోజూ అంటే నావల్ల కాదు. ఆ పెద్దాయన దగ్గర కొనేది మాత్రం మానేస్తా" అన్నాడు. కొంచెం ఆగి, "డబ్బులు మాత్రం ఆ పొద్దుకాపొద్దే ఇయ్యాల. కాలేజీ వాళ్లు చెక్కులంటారు, సంతకాలంటారు, మళ్లీ రమ్మంటారు" అన్నాడు.

బండి కింద ఖాళీ పదిహేను కిలోల డబ్బా ఒకటి ఉంది. దాన్ని బోర్లించి, అడుగున పేరుకొన్న మడ్డిని పుల్లతో గీకి, నా ముందర పెట్టాడు.